పేపర్లు ఎన్నున్నాయన్నది కాదు, కార్యోటైప్ చూడటం వచ్చా అన్నది ముఖ్యం

హైదరాబాద్‌లో మాలిక్యులర్ బయాలజీ పీహెచ్‌డీ ముగించి, అమెరికాలోని పిల్లల ఆసుపత్రుల్లో ల్యాబొరేటరీ జెనెటిక్స్ అండ్ జీనోమిక్స్ ఫెలోషిప్‌కి వెళ్లాలంటే పేపర్లు ఎన్నుండాలి, సీక్వెన్సింగ్ అనుభవం సరిపోతుందా అని అడిగారు. పేపర్ల సంగతి ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు: మంచివి రెండో మూడో ఉంటే చాలు, పదిహేనున్నా కొత్తగా ఒరిగేదేమీ లేదు. చిక్కంతా రెండో ప్రశ్నలోనే ఉంది. కార్యోటైప్ (క్రోమోజోముల్ని స్లైడు మీద చూసి లెక్కపెట్టే పరీక్ష) చూడటం రాకుండా, సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాల్ని చదవడం) ఒక్కటే తెలిసి వచ్చినవాళ్లే మొదట్లో ఎక్కువ తిప్పలు పడతారు.

కాగితాల పని ముందు చూసుకోండి. ఇది రెండేళ్ల శిక్షణ, ఎండీలూ పీహెచ్‌డీలూ ఇద్దరూ చేరొచ్చు. ఒకప్పుడు సైటోజెనెటిక్స్ (క్రోమోజోముల్ని చూసే పని) వేరు, మాలిక్యులర్ (డీఎన్‌ఏ పరీక్షలు) వేరు. ఇప్పుడు రెండూ కలిసి ఒకే స్పెషాలిటీ. సర్టిఫికెట్ ఇచ్చేది అమెరికన్ బోర్డ్ ఆఫ్ మెడికల్ జెనెటిక్స్ అండ్ జీనోమిక్స్. మన పట్టా బయటి దేశానిది కాబట్టి, శిక్షణ మొదలుకాకముందే ఆ బోర్డు దాన్ని ఒప్పుకోవాలి. పట్టా మీద బయోటెక్నాలజీ అని ఉంటే కోర్సుల వివరాలు, థీసిస్ సారాంశం దగ్గర పెట్టుకోండి. జెనెటిక్స్‌తో సంబంధం చూపించాల్సింది మీరే. వీసా ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, ప్రోగ్రాం కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టి అడగండి. ఐదు నిమిషాల ఆ మెయిల్‌కి కన్సల్టెన్సీలకు డబ్బు పోసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇక పని. ఒక్క కేసు చెబితే అర్థమవుతుంది. ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూ) మూడు రోజుల పసికందు. ఒళ్లు మెత్తగా వేలాడిపోతోంది, పాలు చీకలేకపోతోంది. ఎస్‌ఎన్‌పీ మైక్రోఅరేలో (క్రోమోజోము ముక్కల ప్రతుల్లో ఎక్కువతక్కువల్ని చూసే చిప్ పరీక్ష) డిలీషన్లు (ఊడిపోయిన ముక్కలు) లేవు, డూప్లికేషన్లు (అదనపు ముక్కలు) లేవు. కానీ హెటిరోజైగోసిటీ లేని, అంటే రెండు ప్రతులూ ఒకేలా ఉన్న, పొడవాటి ముక్కలు కనిపిస్తున్నాయి. వాటిలో ఒకటి 15వ క్రోమోజోములోని 15క్యూ11–క్యూ13 అనే చోటుని పూర్తిగా కప్పేసింది. కొత్త ఫెలో వెంటనే 'యూపీడీ, ప్రాడర్-విల్లీ' (ఆ చోటికి సంబంధించిన, పసికందుల్ని ఇలా మెత్తబరిచే జబ్బు) అని టైప్ చేయబోతాడు. ఆగాలి. యూపీడీ, అంటే ఇక్కడ 15వ క్రోమోజోము రెండు ప్రతులూ తల్లి దగ్గర్నుంచే వచ్చిన కేసైతే, అలాంటి ముక్క మామూలుగా ఆ ఒక్క క్రోమోజోము మీదే ఉంటుంది. ఈ బిడ్డకి పది క్రోమోజోముల మీద ఉంది. అమ్మానాన్నలు దగ్గరి చుట్టాలన్నమాట.

ఆటోజోముల (ఎక్స్, వై కాని క్రోమోజోములు) మీదున్న ముక్కల పొడవులన్నీ కూడి, సుమారు 2,880 మెగాబేసులతో (మెగాబేసు అంటే పది లక్షల డీఎన్‌ఏ అక్షరాలు) భాగించండి. మొత్తం 360 వస్తే 12.5 శాతం, అంటే ఎనిమిదో వంతు. మేనమామ, మేనకోడలి పెళ్లికి లెక్క ప్రకారం రావాల్సింది అదే. మేనత్త కొడుకుతో పెళ్లైతే పదహారో వంతు, 6.25. ఎంత పొడవు దాటిన ముక్కల్ని లెక్కలోకి తీసుకోవాలన్నది ల్యాబ్‌ని బట్టి మారుతుంది. 3 మెగాబేసుల దగ్గర గీత గీస్తే ఒక అంకె వస్తుంది, 5 దగ్గర గీస్తే అంతకన్నా తక్కువ. తరతరాలుగా మేనరికాలున్న ఇంట్లో అంకె లెక్కకన్నా పైకి కూడా పోతుంది.

ఈ ఒక్క చోట తెలుగు ఫెలో అందరికన్నా ముందుంటాడు. పక్కవాళ్లు 12 శాతం చూసి కంగారు పడుతుంటే, మనకి అది అక్కకూతురి పెళ్లి. అలాగని రిపోర్టులో 'మేనమామ-మేనకోడలు' అని రాయకూడదు. సగం తోబుట్టువులకి పుట్టిన బిడ్డకీ సరిగ్గా అదే 12.5 వస్తుంది. శాతం రాయండి, దానికి తగిన బంధుత్వపు దూరం రాయండి, ఆటోసోమల్ రిసెసివ్ జబ్బుల (అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే వచ్చేవి) గురించి హెచ్చరించండి, అక్కడితో ఆపండి. 25 శాతం దగ్గరికొస్తే (తండ్రీ కూతుళ్లో, అన్నాచెల్లెళ్లో అయ్యే అవకాశం) మాత్రం రిపోర్టు వెళ్లకముందే ల్యాబ్ డైరెక్టర్, బిడ్డని చూస్తున్న డాక్టర్‌కి ఫోన్ చేయాలి. తల్లి మైనరైతే అది చట్టం దాకా వెళ్లే విషయం.

బిడ్డ దగ్గరికి మళ్లీ వద్దాం. 15 మీది ముక్క మేనరికం వల్ల వచ్చిందా, యూపీడీయా అన్నది అరే తేల్చదు. మిథైలేషన్ (డీఎన్‌ఏ మీది మిథైల్ అనే రసాయన గుర్తు) పరీక్ష తేలుస్తుంది. ఆ పరీక్ష చేసే పద్ధతుల్లో ఒకటైన ఎంఎస్-ఎంఎల్‌పీఏలో డీఎన్‌ఏని 98 డిగ్రీల దగ్గర విడదీసి, ప్రోబ్‌లతో (కావలసిన చోటికి అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) 60 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతారు. తర్వాత రెండు ట్యూబుల్లోకి పంచి, ఒకదానికే, మిథైల్ గుర్తు లేని డీఎన్‌ఏని కోసే హెచ్‌హెచ్‌ఏ1 ఎంజైము కలుపుతారు. మామూలు మనిషికి సుమారు 50 శాతం మిథైలేషన్, ప్రాడర్-విల్లీకి 100, అదే చోటికి చెందిన మరో జబ్బు ఏంజెల్‌మన్‌కి సున్నా. ఎంజైము సరిగా కోయకపోతే మామూలు శాంపిల్ కూడా ప్రాడర్-విల్లీ వైపు జరుగుతుంది. డీఎన్‌ఏలో ఉప్పో ఫీనాలో మిగిలితే జరిగేది ఇదే. అందుకే బిడ్డ అంకెకన్నా ముందు డైజెషన్ కంట్రోల్ ప్రోబ్‌లను చూడాలి. ఎంజైము వేసిన ట్యూబులో అవి మాయం కావాలి. మాయం కాకపోతే ఆ రన్ చెత్తబుట్టకే.

మిథైలేషన్ మామూలుగా ఉంటే తర్వాతి అనుమానం ఎస్‌ఎంఏ (స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, కండరాలు బలహీనపడే జబ్బు). దానికి కారణమైన జన్యువు ఎస్‌ఎంఎన్1 ఉన్నది 5వ క్రోమోజోములోని 5క్యూ13లో. పక్కనే దాని కవల ఎస్‌ఎంఎన్2 ఉంది కాబట్టి మామూలు అరేను నమ్మడానికి లేదు, ఎస్‌ఎంఎన్1 ఏడో ఎక్సాన్ (జన్యువులో ఒక భాగం) ప్రతుల్ని విడిగా లెక్కపెట్టాలి. ఎస్‌ఎంఏ పిల్లల్లో సుమారు 95 శాతం మందికి అక్కడ సున్నా వస్తుంది. ఎస్‌ఎంఎన్2 ప్రతులెన్నో కూడా రాయాలి, చికిత్స నిర్ణయం దాని మీద ఉంటుంది. అదీ కాకపోతే ఎక్సోమ్ (జన్యువుల్లో ప్రొటీన్ కోడ్ ఉన్న భాగాలన్నీ చదివే పరీక్ష). అప్పుడు హెటిరోజైగోసిటీ లేని ఆ ముక్కల్లోని రిసెసివ్ జన్యువులనే ముందు వెతకండి. అరే ఇచ్చిన పటం చేతిలో ఉండగా ఇరవై వేల జన్యువుల్లో తడుముకోవడం దేనికి?

ఇంత చెప్పాక కూడా 'కార్యోటైప్ పాతకాలపు పని' అనేవాళ్లుంటారు. డౌన్ సిండ్రోమ్ బిడ్డకి అరే చేస్తే 21వ క్రోమోజోముకి మూడు ప్రతులున్నాయని చెబుతుంది. మూడోది విడిగా ఉందో, 14కి అతుక్కుని ఉందో చెప్పదు. తల్లికో తండ్రికో 21;21 అతుకు (రెండు 21లూ ఒకదానికొకటి అతుక్కోవడం) ఉంటే బతికి పుట్టే ప్రతి బిడ్డకీ డౌన్ సిండ్రోమే. ఆ ఇంటికి కావలసిన జవాబు ఉన్నది స్లైడు మీదే.

కాబట్టి కల్చర్ చేయడం మీ చేత్తో నేర్చుకోండి. ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబులో రక్తం, పీహెచ్‌ఏ (లింఫోసైట్లు విభజన చెందేలా చేసేది) వేసి 72 గంటలు, కోల్సెమిడ్ (విభజనని మధ్యలో ఆపేది), 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్ (కణాల్ని ఉబ్బించే హైపోటోనిక్ ద్రావణం), మూడు పాళ్ల మిథనాల్‌కి ఒక పాలు ఎసిటిక్ యాసిడ్. హైపోటోనిక్ ఎక్కువసేపు ఉంచితే కణాలు పగిలి క్రోమోజోములు చెల్లాచెదురవుతాయి, తక్కువైతే ఒకదాని మీదొకటి పడతాయి. ట్రిప్సిన్ ఎక్కువైతే ఊకలా తేలిపోతాయి. 20 కణాలు లెక్కపెడితే 14 శాతానికి పైబడిన మొజాయిసిజం (కొన్ని కణాల్లోనే తేడా ఉండటం) లేదని 95 శాతం నమ్మకంతో చెప్పగలరు, అంతకన్నా చిన్నది తప్పించుకోవచ్చు. పాలిస్టర్-కిలియన్ అనే సిండ్రోమ్ అనుమానమైతే రక్తాన్ని నమ్మొద్దు. పీహెచ్‌ఏ వేసిన లింఫోసైట్లలో దానికి కారణమైన 12పీ ఐసోక్రోమోజోము (12 పొట్టి చెయ్యి రెండు ప్రతులతో ఏర్పడిన అదనపు క్రోమోజోము) తరచూ కనబడదు, చర్మం అడగండి.

ఎముక మజ్జ మార్పిడి జరిగిన పిల్లల రక్తంలో ఉండేది దాత డీఎన్‌ఏ. చెంప స్వాబ్‌లోనూ దాత తెల్లకణాలు వస్తాయి. రెక్విజిషన్ మీద ఆ సంగతి రాసి ఉండదు. క్లినికల్ వివరాల గడిలో 'డెవలప్‌మెంటల్ డిలే' అని రెండు మాటలు, లేదా ఖాళీ. ఇలాంటి కాగితంతో పంపి, వేరియంట్ (డీఎన్‌ఏలో దొరికిన మార్పు) అర్థం ఎందుకు తేల్చలేదని అడుగుతారు! వేరియంట్ అర్థం తేల్చడానికి ఏసీఎంజీ (అమెరికన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ జెనెటిక్స్ అండ్ జీనోమిక్స్) 2015లో ఇచ్చిన సూత్రాల్లో బిడ్డ లక్షణాలకీ ఒక కోడ్ ఉంది, పీపీ4. లక్షణాలే తెలియకపోతే దాన్ని ఎక్కడ వాడాలి?

లుకేమియా శాంపిళ్లకి నియమాలు వేరు. మజ్జకి పీహెచ్‌ఏ వేయకూడదు, మామూలు టీ-కణాలు పెరిగి జబ్బు కణాలను కప్పేస్తాయి. పిల్లల ఏఎల్‌ఎల్‌లో (ఒక రకం లుకేమియా) తరచూ కనిపించే ఈటీవీ6–రన్ఎక్స్1 జన్యువుల కలయిక కార్యోటైప్‌లో దాదాపు ఎప్పుడూ కంటికి కనబడదు, ఫిష్ (మెరిసే ప్రోబ్‌లతో జన్యువుని చూసే పరీక్ష) చేయాల్సిందే.

ఇంటర్వ్యూలో వాళ్లు మిమ్మల్ని అడిగేవాటికన్నా మీరు అడగాల్సినవే ఎక్కువ. ఆంకాలజీ శాంపిళ్లు లోపలే చేస్తారా, బయటికి పంపుతారా? ఎక్సోమ్ విశ్లేషణ అక్కడే జరుగుతుందా? సైన్‌ఔట్‌కి (రిపోర్టు మీద సంతకం పెట్టడానికి) ముందు రిపోర్టు మొదటి చిత్తు ఎవరు రాస్తారు? 'డైరెక్టర్ రాస్తారు, ఫెలో చూస్తాడు' అంటే పేరెంత పెద్దదైనా వేరే ప్రోగ్రాం వెతుక్కోండి.