ఒక్క సెమిస్టర్ బయోకెమిస్ట్రీ చదవడానికి వేరే యూనివర్సిటీకి వెళ్తున్న చిన్నికి

చిన్నీ,

నీకు సీటు కన్ఫర్మ్ అయిందని మీ అమ్మ చెప్పింది, ఎంత సంతోషమేసిందో. నీ వయసులో నేనూ అలాగే విజిటింగ్ స్టూడెంట్‌గా వెళ్ళొచ్చాను, ఆ తర్వాత చాలా ఏళ్ళు అలా వచ్చిన పిల్లలకి ల్యాబ్ చెప్పాను, అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నా.

ముందు కాగితాల పని. అక్కడ తీసుకోబోయే కోర్సు సిలబస్ మీ డిపార్ట్‌మెంట్‌లో చూపించి, ఇది మన ఏ పేపర్‌కి లెక్క, ఎన్ని క్రెడిట్స్ ఇస్తారు అని వెళ్ళకముందే రాయించుకో. నోటిమాట నమ్ముకోవద్దు. ప్రాక్టికల్ క్రెడిట్స్ గురించి విడిగా అడుగు, థియరీ ఒప్పుకుని ల్యాబ్ మాత్రం మళ్ళీ చెయ్యమంటే తిరిగొచ్చాక ఏడవాల్సి వస్తుంది.

ఇక చదువు. అక్కడి పిల్లలు ముందు సెమిస్టర్‌లో చదివేసింది నీకు రాకపోవచ్చు, మాస్టారు అది అందరికీ వచ్చనుకునే మొదలుపెడతారు, నువ్వు సినిమా సగంలో హాల్లోకి వెళ్ళినట్టు కూర్చుంటావు. అందుకే వెళ్ళేలోపు రెండు విషయాలు గట్టిగా చేసుకో, బఫర్ (పీహెచ్ పెద్దగా మారకుండా పట్టి ఉంచే ద్రావణం) లెక్కలు, ప్రోటీన్లు తయారయ్యే 20 అమైనో ఆసిడ్లు. పేర్లు బట్టీ పట్టడం కాదమ్మా, సైడ్ చెయిన్ గీసి ఏ పీహెచ్‌లో దానికి ఏ చార్జ్ ఉంటుందో చెప్పగలగాలి. హిస్టిడిన్ అనే అమైనో ఆసిడ్ సైడ్ చెయిన్ పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ పట్టుకుని, సగం వదిలేసి ఉండే పీహెచ్) 6 దగ్గర్లో ఉంటుంది, అంటే కణంలో ఉండే పీహెచ్ దగ్గర అది ప్రోటాన్ తీసుకోనూ గలదు ఇవ్వనూ గలదు, అందుకే చాలా ఎంజైముల యాక్టివ్ సైట్‌లో (రసాయన చర్య జరిగే చోట) అది కనిపిస్తుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే మెకానిజమ్‌లు కథలాగా చదువుకుంటూ పోవచ్చు.

పుస్తకాలు మారేసరికి అంకెలు కూడా మారతాయి, కంగారుపడకు. ఒక గ్లూకోజ్ పూర్తిగా ఆక్సిడైజ్ అయితే 38 ఏటీపీ (కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువు) అని నువ్వు చదివి ఉంటావు, అక్కడ 30 లేదా 32 అంటారు. ఎవరో తప్పు చెప్పారని కాదు. పాత లెక్కలో ఎలక్ట్రాన్లు మోసుకొచ్చే అణువుల్లో ఒక ఎన్‌ఏడీహెచ్‌కి 3 ఏటీపీ, ఎఫ్‌ఏడీహెచ్2 కి 2 అని గుండ్రంగా వేసేవాళ్ళు, తర్వాత మైటోకాండ్రియా పొర దాటించే ప్రోటాన్లు లెక్కపెడితే మొదటిదానికి 10, రెండోదానికి 6 వచ్చాయి, ఒక ఏటీపీ తయారై బయటికి రావడానికి దాదాపు 4 ప్రోటాన్లు ఖర్చు, భాగిస్తే 2.5, 1.5. మరి 30కీ 32కీ తేడా ఎందుకంటే గ్లైకోలిసిస్‌లో (మైటోకాండ్రియా బయట గ్లూకోజ్ విరిగే దశలో) పుట్టిన ఎన్‌ఏడీహెచ్ ఎలక్ట్రాన్లు ఏ షటిల్‌లో, అంటే ఏ రవాణా దారిలో, లోపలికి వెళ్తాయన్నదాన్ని బట్టి. రెండు పుస్తకాలు పొంతన కుదరని చోట ఆగి ఇలా విప్పుకున్నావంటే పది లెక్చర్ల లాభం, నాకు ఆక్సిడేటివ్ ఫాస్ఫోరిలేషన్ (ఇలా ఎలక్ట్రాన్ల నుంచి ఏటీపీ తయారయ్యే పద్ధతి) నిజంగా అర్థమైంది ఇక్కడే.

థియరీ ఎక్కడైనా చదువుకోవచ్చు గానీ అక్కడి ల్యాబ్ మళ్ళీ దొరకదు, టైమంతా అక్కడ పెట్టు. సేఫ్టీ ట్రైనింగ్ మొదటి వారంలోనే పూర్తి చెయ్యి, అది అవ్వకపోతే లోపలికి రానివ్వరు. ప్రోటీన్లు విడదీసే జెల్ పోసేటప్పుడు గ్లవ్స్ తియ్యొద్దు, ఆ జెల్ తయారుచేసే ఆక్రిలమైడ్ గట్టిపడకముందు నరాలకి విషం.

నా సంగతి ఒకటి చెప్తాను. ట్రిస్ బఫర్ రూమ్ టెంపరేచర్‌లో పీహెచ్ 8.0 పెట్టుకుని కోల్డ్ రూమ్‌లోకి తీసుకెళ్ళి ఎంజైమ్ ప్యూరిఫై చేశాను, యాక్టివిటీ పడిపోతూనే ఉంది, రెండు వారాలు ఎంజైమ్ చెడిపోయిందనుకున్నా. ట్రిస్ చల్లబడే కొద్దీ పీహెచ్ పెరుగుతుంది, 25 డిగ్రీల్లో 8.0 ఉన్నది 4 డిగ్రీల్లో దాదాపు 8.6 అవుతుంది. పక్కనున్న సీనియర్‌ని మొదటి రోజే అడిగుంటే ఒక్క నిమిషంలో చెప్పేవాడు. కొత్త చోట అడిగితే ఏమనుకుంటారో అని నోరు మూసుకున్నా. నువ్వు అలా చెయ్యకు, ప్రాక్టికల్ నడిపించే వాళ్ళని, ఆఫీస్ అవర్స్‌లో మాస్టారిని, అర్థం కాకపోతే రెండుసార్లు అడుగు, యాస అర్థం కాకపోతే నెమ్మదిగా చెప్పమను, వాళ్ళేమీ అనుకోరు.

ల్యాబ్ నోట్‌బుక్ ఆ రోజుది ఆ రోజే పెన్నుతో రాయి, తప్పైతే ఒక గీత కొట్టు అంతే, పేజీ చింపొద్దు. 340 నానోమీటర్ల దగ్గర ఎన్‌ఏడీహెచ్ రీడింగ్ తీసుకుంటే బ్లాంక్ (సున్నా సరిచూసుకోవడానికి పెట్టే శాంపిల్) ఏం పెట్టావో కూడా రాయి, నెల తర్వాత గుర్తుండదు. ఒరిజినల్ నోట్‌బుక్ సాధారణంగా ల్యాబ్‌లోనే ఉంచేస్తారు, పర్మిషన్ అడిగి కాపీ తీసుకో. అకౌంట్ మూసేయకముందే స్లైడ్స్ దించుకుని, ట్రాన్స్‌క్రిప్ట్‌కి అప్లై చేసి మరీ బయల్దేరు.

మొదటి ప్రాక్టికల్ అవ్వగానే ఫోన్ చెయ్యి, ఏ బఫర్ వాడారో, ఎంత టెంపరేచర్‌లో పీహెచ్ చూశారో అడుగుతాను.

మీ పెద్దమ్మ