డొక్కల రాశి దగ్గర సాలీడు కరిస్తే పాము ఇంజెక్షన్ చేయించాలా?

మీరు అడిగింది: అంబాజీపేట దగ్గర తోటలో నిన్న సాయంత్రం కొబ్బరి డొక్కలు ఎత్తుతుంటే నాన్నగారి చేతిని నల్ల సాలీడు కరిచింది, రాత్రికి మణికట్టు దాకా వాచింది, యూట్యూబ్‌లో చూస్తే బ్లాక్ విడో అంటున్నారు, పక్కింటివాళ్లేమో పాము ఇంజెక్షన్ చేయించేయమంటున్నారు.

ముందు ఇంజెక్షన్ సంగతి. కరిచింది సాలీడే అయితే వద్దండి. మన ఆసుపత్రుల్లో ఉండే పాము మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటి విషానికే తయారైంది. సాలీడు విషం మీద అది పనిచేయదు. పైగా గుర్రాల రక్తం నుంచి తీసే మందు, కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేచి బీపీ పడిపోతుంది. ఎందుకైనా మంచిదని వేయించుకునే రకం కాదు.

అయితే ఒక్క మాట నాన్నగారిని గట్టిగా అడగండి. సాలీడు చేతి మీద ఉండి కరవడం కళ్లారా చూశారా, లేక చురుక్కుమన్నాక పక్కన సాలీడు కనపడింది కాబట్టి అదే అనుకున్నారా? డొక్కల రాశిలో సాలీడు ఉంటుంది, జెర్రి ఉంటుంది, తేలు ఉంటుంది, ఎలకల కోసం చేరిన పామూ ఉంటుంది. మన లంకల్లో సాలీడు వల్ల ప్రాణం మీదికి రావడం అరుదు. పాము కాటుకి సాలీడు పేరు పెట్టి ఇంట్లో కూర్చోవడమే అసలు ముప్పు.

కళ్లారా చూడలేదంటే ఈ రోజే, ఇప్పుడే పీహెచ్‌సీకో ఏరియా ఆసుపత్రికో తీసుకెళ్లండి. వాపు ఉంది కాబట్టి పింజర కాదని తేలాలి. దానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. 2 మిల్లీలీటర్ల రక్తం గాజు గొట్టంలో తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. రక్తం ఇంకా నీళ్లలా జారితే పింజర విషం ఎక్కినట్టే. గొట్టం కొత్తదీ పొడిదీ అయి ఉండాలి. ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగిందైనా మంచి రక్తం కూడా గడ్డకట్టక తప్పుదోవ పట్టిస్తుంది. మొదటిసారి గడ్డకట్టినా కొన్ని గంటల పాటు మళ్లీ మళ్లీ చూస్తారు, విసుక్కుని వచ్చేయకండి.

కట్లపాము మాత్రం ఈ పరీక్షకి దొరకదు. నేల మీద పడుకున్నవాళ్లని రాత్రిపూట కరుస్తుంది, వాపు ఉండదు, నొప్పి దాదాపు ఉండదు, గాటు కూడా వెతికితేగాని కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి అంటూ లేస్తారు. ఇంట్లోవాళ్లు ‘ఏదో పురుగు కుట్టింది’, ‘రాత్రి తిన్నది పడలేదు’ అనుకుంటారు. కాసేపటికి కనురెప్పలు వాలతాయి, ఒకటి రెండుగా కనపడుతుంది, మాట ముద్దగా వస్తుంది, ఉమ్మి మింగలేరు. పైకప్పు వైపు ఒక నిమిషం చూస్తూ ఉండమనండి. రెప్పలు నిలవకపోతున్నా, తలగడ మీంచి తల ఎత్తలేకపోతున్నా, ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటే ముందు కన్నా తక్కువకే ఆగిపోతున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. అలాంటప్పుడు వెంటిలేటర్ ఉన్న చోటికే వెళ్లాలి. అలాగని ఈ గుర్తులు వచ్చేదాకా ఎదురుచూడొద్దు. పాము అనుమానం ఉంటే ఏ లక్షణమూ లేకపోయినా 24 గంటలు ఆసుపత్రిలోనే ఉంచుతారు.

ఇక బ్లాక్ విడో. ఆ జాతి సాలీళ్లు మన దేశంలో లేకపోలేదు. కానీ నల్లగా ఉన్న ప్రతిదీ అది కాదు. ఆడదాని పొట్ట బఠాణీ గింజంత, గుండ్రంగా, నూనె రాసినట్టు నున్నగా ఉంటుంది. కాళ్లు సన్నగా, చూడ్డానికి బొచ్చు లేనట్టు ఉంటాయి. ఎర్ర గుర్తు కొన్నింటికి వీపు మీద చారలా, కొన్నింటికి పొట్ట కింద డమరుకంలా ఉంటుంది. నేలకి దగ్గరగా, మూలల్లో చిక్కుపడ్డ దారపుండలాంటి గూడు కట్టి అందులో తలకిందులుగా వేలాడుతుంది. గుండ్రటి చక్కని గూడు మధ్యలో కూర్చున్నదైతే అది కాదు. నేల మీద పరిగెత్తిందన్నా నాకు నమ్మకం తక్కువ.

అది కరిస్తే వాపు పెద్దగా ఉండదు. గుండుసూది గుచ్చినట్టుంటుంది. గంటా రెండు గంటల్లో నొప్పి చేయంతా పాకుతుంది, కండరాలు పట్టేస్తాయి, పొట్ట చెక్కలా బిగుస్తుంది, చెమటలు కారతాయి, బీపీ పెరుగుతుంది. నాన్నగారికి చెయ్యి వాచడం తప్ప ఇవేవీ లేవంటే బ్లాక్ విడో సంగతి మర్చిపోవచ్చు. ఉంటే మాత్రం ఆసుపత్రిలో నొప్పికీ, కండరాల బిగుతుకీ మందులిచ్చి కనిపెట్టి ఉండాల్సిందే.

మనకి ఎక్కువగా కనపడేవి వేరు. గోడ మీద పీతలా కాళ్లు పక్కలకి చాచి, అరచేతి వెడల్పున ఉండే గోధుమరంగు సాలీడు బొద్దింకలు తింటుంది. ఆడది తెల్లటి రూపాయి బిళ్లలాంటి గుడ్ల సంచిని పొట్ట కింద పెట్టుకుని తిరుగుతుంటుంది, ఆ సమయంలో చెయ్యి తగిలితే కరుస్తుంది. కొబ్బరి, కోకో తోటల్లో పసుపు మెరుపున్న పెద్ద గూడు కట్టేది చూడ్డానికే భయం. సార్వా చేలల్లో కాళ్ల సందున పరిగెత్తేవి సుడిదోమని తినే రైతు నేస్తాలు. వీటి కాటు కందిరీగ కుట్టినంత. ఒళ్లంతా బొచ్చుతో చిన్న పీతంత ఉన్నదైతే నొప్పి, వాపు గట్టిగానే ఉంటాయి, కండరాల పట్టులు కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు.

సాలీడే అని ఖాయమైతే చేయాల్సింది ఇదీ. ముందు వేలి ఉంగరం తీసేయండి, మణికట్టుకి కట్టిన కాశీదారం కత్తిరించేయండి. సెంటిమెంటు అని చాలామంది దారం ఉంచేస్తారు, వాపు పెరిగితే అదే చేతిని కోస్తుంది. సబ్బుతో కడగండి. ఐసుని గుడ్డలో చుట్టి 10 నిమిషాలు పెట్టి, 10 నిమిషాలు తీయండి. ఐసు నేరుగా పెడితే చర్మం కమిలి, అది విషమో ఐసో తెలియకుండా పోతుంది. చెయ్యి తలగడ మీద ఎత్తుగా ఉంచండి. నొప్పికి పారాసెటమాల్ 500, ఆరు గంటలకొకటి. పాము కాదని తేలేదాకా ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, బ్రూఫెన్ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. ధనుర్వాతం ఇంజెక్షన్ ఈమధ్య తీసుకోకపోతే పీహెచ్‌సీలో వేయించండి. తాడు కట్టడం, బ్లేడుతో గాటు పెట్టడం, పసరు పూయడం ఏదీ వద్దు. కట్టిన తాడు వాపుని కిందే బంధించి కండని చంపుతుంది.

వాపు అంచు చుట్టూ బాల్‌పెన్‌తో గీత గీసి పక్కనే టైము రాయండి. మామూలు కాటైతే ఒకటి రెండు రోజుల్లో గీత లోపలికి తగ్గిపోతుంది. గీత దాటి ఎర్రగా, వేడిగా పాకుతూ జ్వరం వస్తే అది విషం కాదు, చీము పట్టడం. షుగర్ ఉన్నవాళ్లకి ఇదే ఎక్కువ ప్రమాదం, యాంటీబయాటిక్ పడాలి.

కామెంట్లలో ఒకాయన ‘సాలీడు పాకితే వాతలు తేలతాయి’ అన్నారు. కోతల రోజుల్లో లైటు చుట్టూ మూగే చీమలాంటి పురుగు, నారింజ నలుపు పట్టీలతో సెంటీమీటరు కూడా ఉండదు, దాని పని అది. కరవదు, కుట్టదు. మెడ మీద వాలినప్పుడు నలిపేస్తే దాని ఒంట్లో రసం చర్మాన్ని కాలుస్తుంది. మంట మర్నాటికి గాని తెలియదు, పొడుగ్గా గీత గీసినట్టు పొక్కులు వస్తాయి. నలపకుండా ఊదేసి, వెంటనే సబ్బుతో కడిగి, ఆ చేత్తో కన్ను తుడుచుకోకుండా ఉంటే చాలు.

సాలీడు ఇంకా అక్కడే ఉంటే చెప్పుతో కొట్టకండి, నుజ్జయితే ఎవరూ గుర్తుపట్టలేరు. గాజు గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దూర్చి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి పై నుంచి ఒకటి, అట్టతో సహా గ్లాసు ఎత్తి పొట్ట వైపు ఒకటి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఏమిటో చెబుతాను. నాన్నగారి రెప్పలు ఎలా ఉన్నాయో, ఉమ్మి మింగగలుగుతున్నారో కూడా రాయండి.