నా చీర ఆయనకు కనిపించనే లేదు

ప్రశ్న: మాకు పెళ్లై పది నెలలైంది. ఆయన డల్లాస్‌లో ఉద్యోగం చేస్తారు. నేను వీసా కోసం ఎదురుచూస్తూ గుంటూరులో అత్తగారింట్లో ఉన్నాను. బొమ్మల రూపంలో మనుషులు కలుసుకుని మాట్లాడుకునే ఆన్‌లైన్ లోకం వీఆర్‌చాట్‌లో రోజూ పొద్దున్నే కలుసుకుంటాం. ఆయనకు కళ్లకు పెట్టుకుని చూసే హెడ్‌సెట్ ఉంది, నేను లాప్‌టాప్‌లో చూస్తాను. నిశ్చితార్థం నాటి చిలకపచ్చ చీర, పూలజడతో నా అవతార్, అంటే అక్కడ నా రూపంగా కనిపించే బొమ్మ, చేయించుకున్నాను. జడలో ప్రతి మల్లెమొగ్గా విడిగా ఉంటుంది. మూడు నెలలుగా ఆయనకు అది కాక ఏదో మామూలు బొమ్మ కనిపిస్తోందని మొన్న తెలిసింది. చీర ఎలా ఉందని అడిగినప్పుడల్లా బాగుందనే అన్నారు. చిన్న సాఫ్ట్‌వేర్‌తో ఏదో జాబితా తుడిచేశానని ఇప్పుడు చెబుతున్నారు. ఆ జాబితాలో ఇంకెవరెవరు ఉండేవారో ఎవరిచేతనైనా వెతికించాలా? అత్తగారికి చెప్పాలా?

జవాబు: అమ్మా, బొమ్మ కనిపించనంత మాత్రాన ఇంత బాధా అని ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోకండి. ఆషాఢమాసపు ఎడబాటు నెల రోజులే అయినా కొత్త దంపతులకు భారంగా ఉంటుంది. నెలల తరబడి దూరంగా ఉన్న మీకు, రోజులో ఆ గంటసేపు చీర కట్టుకుని ఆయన ఎదుట నిలబడడమే కాపురం. అందుకే మీ బాధ నాకు పూర్తిగా అర్థమైంది.

అయితే మీ కోపంలో సగం ఆయనకు చెందదు. వీఆర్‌చాట్‌లో ఎవరి అవతార్‌ను చూడాలన్నది చూసేవారి చేతిలో ఉంటుంది. మరీ బరువైన అవతార్లు కనిపించకుండా ఒక హద్దు పెట్టుకోవచ్చు. ఆ హద్దు ఉన్నా ఫలానా వారిది మాత్రం చూపించమని 'షో అవతార్' నొక్కితే వారికి మినహాయింపు దొరుకుతుంది. ఈ మినహాయింపులు, దాచమని చెప్పిన పేర్లు ఆయన కంప్యూటర్‌లోనే ఒక ఫోల్డర్‌లో పోగుపడతాయి. ఎప్పుడో ఎవరికో నొక్కినవి పేరుకుపోయినప్పుడు ఒక్కొక్కరినీ వెతికి తీసేయడం విసుగు కాబట్టి, అన్నిటినీ ఒకేసారి తుడిచేసే చిన్న సాఫ్ట్‌వేర్లను కొందరు వాడతారు. ఆయన మాట నమ్మదగినదే. మిగతా పేర్లతో పాటు మీ మినహాయింపూ పోయింది. అవతార్ రూపాన్ని చిన్న చిన్న త్రిభుజాలతో కూరుస్తారు, అవి ఎంత ఎక్కువైతే అంత బరువు. కంప్యూటర్‌లో 70,000 త్రిభుజాలు దాటిన అవతార్ అన్నిటికంటే కింది తరగతిలో పడుతుంది. మీ పూలజడ ఒక్కటే ఆ లెక్కలో ఎంత భాగం తీసుకుందో, చేసిచ్చినవారిని అడిగితే చెబుతారు. అంత బరువుకు హెడ్‌సెట్‌లో దృశ్యం తడబడితే తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది, అందుకే చాలామంది ఆ హద్దు పెట్టుకుంటారు.

ఇంతవరకూ యంత్రం చేసింది. మూడు నెలలు 'బాగుంది' అన్నది మాత్రం ఆయనే. ఎదుటివారికి మీ అవతార్ కనిపించకపోయినా మీకు కబురేమీ రాదు, మీ తెరపై మీ చీర ఎప్పటిలాగే మెరుస్తూ ఉంటుంది. ఆయన నోరు విప్పి చెప్తే తప్ప మీకు తెలిసే దారే లేదు, ఆయన చెప్పలేదు. మొదటిరోజు మీరు చిన్నబుచ్చుకుంటారని తప్పించుకుని ఉంటారు. రెండోరోజు చెబితే నిన్న ఎందుకు చెప్పలేదని అడుగుతారని భయపడి ఉంటారు. దూరాన ఉన్న దంపతులలో ఇలా ఒక చిన్న అబద్ధాన్ని కాపాడుకోవడానికి రోజూ ఇంకొకటి చెప్పడం నేను తరచూ చూస్తుంటాను. ఇది తప్పే. కానీ మీరు భయపడుతున్న తప్పు ఇది కాదు.

ఆ ఫోల్డర్ వెతికించకండి. తుడిచేసిన దానిలో దొరికేదేమీ ఉండదు. ఒకవేళ దొరికినా, ఎప్పుడో ఒకసారి ఎవరికో మీట నొక్కారని తప్ప ఎవరితో ఎంత చనువో అది చెప్పదు. మీకు నిజంగా ఎవరిమీదైనా అనుమానం ఉంటే ఆయననే సూటిగా అడగండి. అత్తగారికీ చెప్పవద్దు. ఆమెకు అవతార్ అంటే ఏమిటో వివరించేలోపే విషయం నవ్వులాటగానో పెద్ద గొడవగానో మారుతుంది, ఆయన ఇంకా ముడుచుకుపోతారు.

ఈ ఆదివారం ఉదయం వీఆర్‌చాట్ వద్దు, ఫోన్ చేయండి. ఇక్కడ ఎనిమిదైతే ఆయనకు ముందురోజు రాత్రి. శనివారం కాబట్టి తొందర ఉండదు. "కనిపించడం లేదని ఆ రోజే చెప్పి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదండీ" అని ఒక్క మాట చెప్పి ఆగండి. జవాబు రావడానికి సమయం పట్టినా మీరే మళ్లీ అందుకోకండి, ఆయనను మాట్లాడనివ్వండి.

తరువాత ఇద్దరూ కూర్చుని చేయవలసిన పని కొంత ఉంది. మొగ్గలన్నీ విడివిడిగా కాక దండంతా ఒకే రూపంగా చేయించి జడ బరువు తగ్గించండి. అసలు అవతార్ కనిపించని చోట ఏ బొమ్మ కనిపించాలో మీరే ఎంచుకోవచ్చు. అక్కడ కూడా మీకు నచ్చిన తేలికైన బొమ్మను పెట్టుకోండి. ఆయన మీ పేరు మీద మళ్లీ 'షో అవతార్' నొక్కాలి, ఈసారి మీరు ఎదురుగా ఉండగానే. చీర అంచు ఏ రంగో అప్పుడు అడగండి.