ఆటల కోసమే ఉంచుకున్న కేబుల్ కనెక్షన్‌ను ఇప్పుడు తీసేయవచ్చా?

ఆటలు చూడడానికి తప్ప ఇంట్లో కేబుల్ వాడకం లేదని, ఆ ఛానెళ్లు కూడా ఒక్కొక్కటిగా యాప్‌లకు వెళ్లిపోతున్నట్టుందని, కనెక్షన్ తీసేయాలా వద్దా అని మీరు అడిగారు. ఒక కేబుల్ సంస్థ కంట్రోల్ రూమ్‌లో పన్నెండేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. క్రీడా ఛానెళ్లు రేపో ఎల్లుండో మాయమైపోవు గానీ, ఇన్నాళ్లూ వాటిని పోషించిన లెక్క మాత్రం తప్పింది.

ఆ లెక్క బయటివారికి పెద్దగా తెలియదు. క్రీడా ఛానెల్‌కు ప్రకటనల ఆదాయంతో పాటు, అది ఏ ప్యాక్‌లో ఉంటే ఆ ప్యాక్ తీసుకున్న ప్రతి ఇంటి తరఫునా నెలకు ఇంత అని కేబుల్ సంస్థ చెల్లిస్తుంది. ఆ ఇంట్లో ఎవరైనా ఆట చూశారా లేదా అన్న దానితో నిమిత్తం లేదు. వార్తలకో సీరియళ్లకో కనెక్షన్ పెట్టించుకున్నవారు కూడా తమకు తెలియకుండానే ఆటల అభిమానుల ఖర్చులో కొంత మోశారన్నమాట. 1979లో మొదలైన క్రీడా ఛానెల్ ఈఎస్‌పీఎన్ 2011 నాటికి అమెరికాలో సుమారు 10 కోట్ల ఇళ్లకు చేరిందంటే, ఆ పెరుగుదల వెనుక ఉన్నది ఈ ఏర్పాటే. ఆ తరువాత సినిమాలు, సీరియళ్లు యాప్‌లలో దొరకడంతో ముందుగా కేబుల్ వదిలేసినవారు ఆటలు చూడనివారే. ఖర్చు పంచుకునేవారు తగ్గారు, లీగ్‌లు అడిగే ప్రసార హక్కుల సొమ్ము మాత్రం తగ్గలేదు.

ఈ బిగింపు ఎలా ఉంటుందో నేను స్వయంగా చూశాను. ఒక క్రీడా ఛానెల్‌తో మా ఒప్పందం ఒక అర్ధరాత్రి ముగిసింది. కొత్త ధర మీద చర్చలు తెగలేదు. గడియారం పన్నెండు చూపగానే ఆ ఫీడ్ తీసేసి, దాని స్థానంలో ‘ఈ ఛానెల్ ప్రస్తుతం అందుబాటులో లేదు’ అన్న నీలిరంగు పలకను పెట్టింది నేనే. మర్నాడు సాయంత్రం ముఖ్యమైన మ్యాచ్ ఉంది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, మా దగ్గర చెప్పడానికి సమాధానం లేదు. వారం తిరగకముందే ఛానెల్ తిరిగి వచ్చింది గానీ, ఆ వారంలో కనెక్షన్ తీసేయించుకున్న ఇళ్లలో కొన్ని ఇక తిరిగి రాలేదు.

2023లో అమెరికాలో ఇదే తగాదా చాలా పెద్ద స్థాయిలో జరిగింది. ఆగస్టు 31న యూఎస్ ఓపెన్ టెన్నిస్ సాగుతుండగానే, ఈఎస్‌పీఎన్‌ను నడిపే డిస్నీ ఛానెళ్లు చార్టర్ అనే కేబుల్ సంస్థకు చెందిన దాదాపు కోటిన్నర ఇళ్లలో ఆగిపోయాయి. సెప్టెంబరు 11న సోమవారం రాత్రి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు కొద్ది గంటల ముందు రాజీ కుదిరింది. పాత పద్ధతి ఇక నడవదని ఒక కేబుల్ సంస్థే బాహాటంగా అనడం నన్ను ఆశ్చర్యపరచలేదు, ఆ మాట మా భోజన విరామాల్లో ఎప్పటినుంచో నలుగుతూనే ఉంది.

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవి పెద్ద లీగ్‌ల జాతీయ ప్రసారాలు కావు, స్థానిక జట్ల మ్యాచ్‌లు చూపే ప్రాంతీయ ఛానెళ్లు. అమెరికాలో అలాంటి ఛానెళ్లను నడిపిన డైమండ్ స్పోర్ట్స్ గ్రూప్ 2023 మార్చిలో దివాలా రక్షణ కోరింది. శాన్ డియేగో పాడ్రెస్ బేస్‌బాల్ జట్టుకు చెల్లించాల్సిన సొమ్ము ఆగిపోవడంతో, ఆ ఏడాది మే 31 నుంచి వారి మ్యాచ్‌ల ప్రసారాన్ని బేస్‌బాల్ లీగే చేపట్టింది. పెద్ద లీగ్‌లకు ఆ ఇబ్బంది లేదు, డబ్బున్న కొత్తవాళ్లు వాటి గుమ్మంలోనే ఉన్నారు. 2025–26 నుంచి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ హక్కులు డిస్నీ, ఎన్‌బీసీ, అమెజాన్‌ల చేతికి వెళ్లాయి, దశాబ్దాలుగా ఆ మ్యాచ్‌లు చూపిన కేబుల్ ఛానెల్ టీఎన్‌టీ వాటిని కోల్పోయింది. 2022లో ఐపీఎల్ హక్కుల వేలంలో భారత ఉపఖండపు టీవీ హక్కులు 23,575 కోట్ల రూపాయలకు పోగా, డిజిటల్ హక్కులు 23,758 కోట్లు పలికి వాటిని దాటేశాయి. చివరికి 2025 ఆగస్టులో ఈఎస్‌పీఎన్ కూడా కేబుల్ అవసరం లేకుండా నేరుగా చందా తీసుకునే యాప్ తెచ్చింది.

అలాగని యాప్ అన్ని విధాలా మెరుగని నేను అనను. ఒకసారి ఒకే మ్యాచ్‌ను కేబుల్‌లోనూ ఫోన్‌లోనూ పక్కపక్కన పెట్టి చూశాను. టీవీలో గోల్ పడి, ఆటగాళ్లు ఒకరినొకరు కౌగిలించుకుంటుంటే ఫోన్‌లో బంతి ఇంకా మైదానం మధ్యలోనే ఉంది. లెక్కపెడితే తేడా ముప్పై సెకన్లకు పైనే వచ్చింది. కేబుల్‌లో ఒకే సంకేతం అన్ని ఇళ్లకూ ఒకేసారి పారుతుంది, చూసేవారు పదిమంది అయినా పది లక్షలైనా దానికి ఒకటే. యాప్‌లో వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి వీక్షకుడికీ విడిగా పంపాలి, అది మధ్యలో ఆగకుండా ఉండేందుకు కొన్ని ముక్కలను ముందే నిల్వ ఉంచుకోవాలి. ఆలస్యం అక్కడే పుడుతుంది. 2024 నవంబరులో టైసన్, జేక్ పాల్ బాక్సింగ్ పోటీని చూపినప్పుడు నెట్‌ఫ్లిక్స్ అంతటిదే చాలామందికి బఫరింగ్‌తో చుక్కలు చూపించింది.

ఇక మీ విషయం. మీరు నిజంగా వదలకుండా చూసే ఆటలు ఏవో, వాటి హక్కులు ఎవరి దగ్గర ఏ సంవత్సరం వరకు ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. అన్నీ ఒకే యాప్‌లో దొరికితే కేబుల్ తీసేయడానికి సందేహించనక్కరలేదు. మూడు నాలుగు యాప్‌లు అవసరమైతే మాత్రం వాటి చందాలన్నీ కూడి చూడండి, కేబుల్ బిల్లును అవి సులువుగా దాటిపోవచ్చు. ఏడాది చందా కట్టే ముందు ఆ ఆట సీజన్ ఎన్ని నెలలో చూసుకోండి, నెలవారీ చందా తీసుకుని సీజన్ అయిపోగానే ఆపేయడం చాలాసార్లు లాభం. ఇంట్లో పెద్దవారు ఉంటే వారిని కూడా అడగండి. ఆ వృత్తి వదిలి వచ్చాక కూడా నేను కనెక్షన్ ఉంచుకున్నది మా నాన్నగారి కోసమే. ఆయనకు ఛానెల్ నంబరు నోటికి వచ్చు, రిమోట్ వైపు చూడకుండానే మూడు మీటలు నొక్కి మ్యాచ్ పెట్టేస్తారు. యాప్ పాస్‌వర్డ్ అడిగిన ప్రతిసారీ మాత్రం నాకు ఫోన్ చేస్తారు.