అల్ట్రాసౌండ్‌తో లోపలి క్యాన్సర్ గడ్డను కాలుస్తారు కదా, పైన చర్మం ఎందుకు కాలదు?

చర్మం దగ్గర ఆ తరంగాల శక్తి చాలా మేర పరుచుకుని ఉంటుంది, లోపల గడ్డ దగ్గర మాత్రమే అంతా ఒక్కచోట చేరుతుంది, అందుకే చర్మం కాలదు. భూతద్దం ఎండను ఒక చుక్కలోకి తెచ్చినట్టే, వంపు తిరిగిన పరికరం ధ్వని తరంగాలను ఒక బిందువు మీదకు తెస్తుంది. అక్కడ వేడి కొన్ని సెకన్లలోనే 60 డిగ్రీల సెల్సియస్ దాటి, కణాల్లోని ప్రొటీన్లు గడ్డకట్టి ఆ కణాలు చనిపోతాయి. ఒక్కోసారి కాలేది కొన్ని మిల్లీమీటర్ల మేరే. కాబట్టి గడ్డంతా పూర్తి కావడానికి గంటలు కూడా పట్టవచ్చు.

మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి సంగతే చూడండి. మలద్వారం గుండా తరంగాలు పంపే ప్రోబ్ అనే పరికరాన్ని పంపి, పేగు గోడను చల్లనీళ్లతో కాపాడుతూ, ఆ పక్కనే ఉన్న ప్రోస్టేట్‌లో అనుకున్న భాగాన్నే కాలుస్తారు. ప్రోస్టేట్ కణజాలాన్ని ఇలా తొలగించే పరికరానికి అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2015లో అనుమతి ఇచ్చింది.

చాలామంది దీన్ని రేడియేషన్ అనుకుని టెన్షన్ పడతారు. కాదు, స్కానింగ్‌లో వాడే ధ్వని లాంటిదే, తీవ్రతే చాలా ఎక్కువ. అలాగని ఏ క్యాన్సర్‌కైనా పనికొస్తుందనుకోవద్దు. గాలి, ఎముక ఈ తరంగాలను అడ్డుకుంటాయి, కాబట్టి గాలి నిండిన ఊపిరితిత్తుల్లోని గడ్డను చేరడం చాలా కష్టం. ఒళ్లంతా పాకిన వ్యాధిని కూడా ఇది తగ్గించలేదు.