మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ చదవడానికి అమెరికా వస్తున్న బరంపురం వైపు పిల్లలకి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి నన్ను సలహా అడిగేవాళ్ళలో ఈ మధ్య సాఫ్ట్‌వేర్ కాకుండా మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ చదువుతామనే పిల్లలు కూడా కనిపిస్తున్నారు. సంతోషం. కానీ దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే, "అన్నా, ఏ యూనివర్సిటీకి ర్యాంకు ఎక్కువ?" అని. నేను బరంపురంలో పెరిగి, ఇక్కడ స్టాటిస్టిక్స్ చదివి, ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డవాణ్ణి కాబట్టి తెలిసినంతవరకు చెబుతాను. ర్యాంకు గురించి నన్ను అడగకండి, అది ఎవరైనా చెబుతారు. మొదటి ఏడాది మీరు తడబడినప్పుడు ఆ డిపార్ట్‌మెంట్ మీతో ఎలా ఉంటుందో కనుక్కోండి, ఎందుకంటే తడబడటం మాత్రం ఖాయం.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీకి చేరితే ఎక్కువ చోట్ల డిపార్ట్‌మెంటే టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఇస్తుంది. డిగ్రీ పిల్లలకి కాలిక్యులస్ లెక్కలు చేయించడం, పేపర్లు దిద్దడం మీ పని, దానికి ట్యూషన్ ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు. ఎమ్మెస్‌కి అలా కాదు, చాలావరకు సొంత డబ్బో బ్యాంకు లోనో. ఈ తేడాని కన్సల్టెన్సీ వాళ్ళు గట్టిగా ఎందుకు చెప్పరో మీకు నేను చెప్పక్కర్లేదు. పీహెచ్‌డీలో చేరాలంటే ముందు ఎమ్మెస్సీయో ఎమ్మెస్సో ఉండి తీరాలన్న నియమం ఇక్కడ చాలా చోట్ల లేదు, డిగ్రీ మీదే తీసుకుంటారు. అయితే మన ఒడిశా ప్లస్ త్రీ మూడేళ్ళ డిగ్రీ, కొన్ని యూనివర్సిటీలు నాలుగేళ్ళది ఉంటేనే చూస్తాయి. భంజవిహార్‌లోనో (బరంపురం యూనివర్సిటీ) భువనేశ్వర్‌లోనో ఎమ్మెస్సీ చేసినవాళ్ళకి ఆ తలనొప్పి ఉండదు, పైగా రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా రెండోసారి చదివి ఉంటారు కాబట్టి ఇక్కడ మొదటి సెమిస్టర్ కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

ఇక అసలు విషయం. డిపార్ట్‌మెంట్ మంచిదో కాదో వెబ్‌సైట్‌లో నవ్వుతున్న ఫోటోలు చూసి తెలుసుకోలేం. సీటు వచ్చాక, ఒప్పుకోక ముందు, అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పీహెచ్‌డీలో మొదటి ఒకటి రెండేళ్ళలో క్వాలిఫయింగ్ పరీక్షలుంటాయి, అందరూ క్వాల్స్ అంటారు. మ్యాథ్స్ అయితే అనాలిసిస్, ఆల్జీబ్రా; స్టాటిస్టిక్స్ అయితే ప్రాబబిలిటీ, ఇన్ఫరెన్స్. అది ఎన్నిసార్లు రాయనిస్తారు, తప్పినవాళ్ళని ఎమ్మెస్ ఇచ్చి పంపేస్తారా, పాత ప్రశ్నపత్రాలు అందరికీ అందుబాటులో ఉంటాయా అని అడగండి. పాత పేపర్లు బయట పెట్టని డిపార్ట్‌మెంట్ అంటే నాకెందుకో అనుమానం. గైడు దొరికేదాకా మొదటి ఏడాది వాళ్ళ బాగోగులు చూడటానికి ఒక ప్రొఫెసర్‌ని ఎవరినైనా పెడతారా? ఎండాకాలం మూడు నెలలు స్టైపెండ్ వస్తుందా, లేక మే నెలతో ఆగిపోతుందా? ట్యూషన్ మాఫీ అయినా స్టూడెంట్ ఫీజులని విడిగా కట్టించుకునేది ఎంత, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు? వీటికి సూటిగా జవాబులు రాసే డిపార్ట్‌మెంట్ పిల్లల్ని పట్టించుకునేదే అయ్యుంటుంది. నాలుగు ఈమెయిల్స్‌కి కూడా జవాబు రాకపోతే అదీ ఒక జవాబే.

అక్కడ చదువుతున్నవాళ్ళతో మాట్లాడండి. మన తెలుగువాళ్ళతోనే కాదు, మూడో ఏడాది, నాలుగో ఏడాది వాళ్ళు ఏ దేశం వాళ్ళయినా సరే. "నీతో చేరినవాళ్ళలో ఎంతమంది ఇంకా ఉన్నారు?" అన్న ఒక్క ప్రశ్న అడిగితే చాలా సంగతులు బయటికొస్తాయి. మీరు ఫలానా ప్రొఫెసర్ దగ్గర చేయాలనుకుంటే మ్యాథమెటిక్స్ జీనియాలజీ ప్రాజెక్ట్ అని ఒకటుంది, ఉచితం, ఎవరి దగ్గర ఎవరు పీహెచ్‌డీ చేశారో, ఏ సంవత్సరంలో చేశారో అందులో చూడొచ్చు, స్టాటిస్టిక్స్ వాళ్ళు కూడా ఉంటారు. ఆ శిష్యులు ఇప్పుడెక్కడున్నారో వెతకండి. పెద్ద పేరున్న ప్రొఫెసరే, కానీ చాలా ఏళ్ళుగా ఒక్క శిష్యుడూ బయటికి రాలేదంటే ఎందుకో కనుక్కోవాలి కదా.

ఇంకో మాట, చాలా డిపార్ట్‌మెంట్లలో గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్ అని ఒకరుంటారు, ఎక్కువ చోట్ల ప్రొఫెసర్ కారు, ఆఫీసు ఉద్యోగి. ఏ ఫారం ఎప్పుడు వేయాలి, ఎవరి సంతకం కావాలి, ఏ తేదీ దాటితే కొంప మునుగుతుంది, అన్నీ ఆమెకో ఆయనకో తెలుసు. వచ్చిన వారంలోనే వెళ్ళి పరిచయం చేసుకోండి.

చేరాక మన వైపు పిల్లలతో నేను చూసే ఇబ్బంది తెలివి తక్కువై కాదు, నోరు తెరవకపోవడం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు, ఇలా పెరిగి క్లాసులో తప్పుగా మాట్లాడతామేమో అన్న బెరుకుతో గమ్మున కూర్చోవడం అలవాటైపోతుంది. ఇక్కడ గమ్మున కూర్చుంటే అర్థమైందనే అనుకుంటారు. ప్రతి ప్రొఫెసరూ వారంలో కొన్ని గంటలు ఆఫీస్ అవర్స్ అని తలుపు తీసిపెట్టుకుని కూర్చుంటారు, అది మీ కోసమే, వెళ్తే ఆయన పనికి అడ్డుపడుతున్నట్టు కాదు. ఖాళీ చేతులతో వెళ్ళి "అర్థం కాలేదు" అనకండి. ఎక్కడిదాకా చేశారో కాగితం మీద పట్టుకెళ్ళి, ఇదిగో ఇక్కడ ఆగిపోయాను అని చూపించండి. నా ఎరికలో రాయగడ అమ్మాయి ఒకామె మెజర్ థియరీ కోర్సులో మొదటి మిడ్‌టర్మ్ పోయి, ఇంటికి వెళ్ళిపోతానని ఏడ్చి, తర్వాత ప్రతి మంగళవారం ఆ ప్రొఫెసర్ గది ముందు నిలబడింది. సెమిస్టర్ చివరికి బి వచ్చింది. అదేం పెద్ద గ్రేడు కాదు, కానీ రెండేళ్ళ తర్వాత అదే ప్రొఫెసర్ ఆమెకి గైడ్ అయ్యాడు.

ప్రశ్న అడగడం చిన్నతనమనుకునేవాళ్ళకి ప్రపంచంలో పేరున్న స్టాటిస్టిషియన్ సి.ఆర్. రావు గారి కథ చెబుతుంటాను. ఆయన మన పక్కనే విశాఖలో, ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎమ్మే చేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళి, 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. తర్వాత కలకత్తా యూనివర్సిటీలో పాఠం చెబుతుంటే, ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదన్న దాని మీద ఫిషర్ అనే స్టాటిస్టిషియన్ పెద్ద శాంపిల్స్‌కి చెప్పిన ఫలితం చిన్న శాంపిల్స్‌కి ఎందుకు నిరూపించకూడదని దాండేకర్ అనే విద్యార్థి అడిగాడట, తర్వాత పేరున్న ఆర్థికవేత్త అయిన వి.ఎం. దాండేకరే ఆయన. ఆ రాత్రి కూర్చుని సాధించానని రావు గారే చెప్పారు. 1945లో అచ్చయింది. ఇప్పుడు ప్రపంచంలో ఏ స్టాటిస్టిక్స్ క్లాసులో కూర్చున్నా క్రామర్ రావు అసమానత పేరుతో మీరు చదివేది అదే. అప్పటికి రావు గారికి పాతికేళ్ళు. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చినప్పుడు ఆ 1945 పేపర్‌నే ప్రస్తావించారు.

ఒక కోర్సు మరీ బరువైతే మానేయడం తప్పేం కాదు, కానీ ఎఫ్-1 వీసా (చదువుకునేవాళ్ళకిచ్చే వీసా) మీద ఉన్నవాళ్ళు దీన్ని జాగ్రత్తగా చదవాలి. మీ కోర్సుల లోడ్ ఫుల్ టైమ్ కంటే తగ్గకూడదు. చదువు విధానం కొత్త కావడం వల్లో, తప్పు కోర్సులో పడటం వల్లో కష్టమైతే తగ్గించుకునే వీలుంది, అయితే ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారే, అదీ ఇంటర్నేషనల్ ఆఫీసు ముందుగా ఒప్పుకున్నాక. ముందు కోర్సు వదిలేసి తర్వాత చెబుదాంలే అంటే వీసాకే ఎసరు. హోంవర్క్ నలుగురూ కలిసి చర్చించుకోవచ్చని చాలామంది ప్రొఫెసర్లు అంటారు, రాయడం మాత్రం ఎవరిది వాళ్ళే, ఆ హద్దు సిలబస్ కాగితంలోనే రాసి ఉంటుంది. చాట్‌జీపీటీ వాడొచ్చా లేదా అన్నది కూడా అక్కడే. నోట్సు పంచుకున్నంత తేలిగ్గా జవాబులు పంచుకుంటే డిపార్ట్‌మెంట్ ఎంత మంచిదైనా కాపాడదు.

టీఏగా, అంటే టీచింగ్ అసిస్టెంట్‌గా, పాఠం చెప్పడానికి ముందు చాలా యూనివర్సిటీలు బయటి దేశాల వాళ్ళకి మాట్లాడే ఇంగ్లీషు పరీక్ష పెడతాయి. దానికి టెన్షన్ పడకండి. యాస ఉన్నా ఫరవాలేదు, బోర్డు మీద రాస్తూ, ఆగుతూ, నెమ్మదిగా, అర్థమయ్యేలా చెప్పగలరా అన్నదే ముఖ్యం. బయల్దేరే ముందు ఇంట్లో తమ్ముణ్ణో చెల్లినో కూర్చోబెట్టి చెయిన్ రూల్ ఇంగ్లీషులో చెప్పి చూడండి.

రికమెండేషన్ లెటర్ల గురించి ఒక మాట. మన దగ్గర కొందరు సార్లు "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అంటారు. మూడు లెటర్లూ ఒకే చేతి రాతలా ఉంటే ఇక్కడి కమిటీ ఇట్టే పట్టేస్తుంది. అలా అన్న సార్‌కి మర్యాదగా, మీరు చేసిన ప్రాజెక్టు, ఆయన క్లాసులో మీరు ఏం బాగా చేశారు, ఏ మార్కులు వచ్చాయి అని ఒక పేజీ రాసిచ్చి, దీన్ని చూసి మీ మాటల్లో రాయండి సార్ అని అడగండి. చాలామంది రాస్తారు. పేరున్న సార్ రెండు వాక్యాల కంటే మిమ్మల్ని బాగా ఎరిగిన మేడమ్ ఒక పేజీ మేలు.

ఎక్కువ పీహెచ్‌డీ దరఖాస్తుల గడువు డిసెంబరు, జనవరిల్లో ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌క్రిప్టులకి దసరాకి ముందే పెట్టేయండి, పూజా సెలవులు మొదలైతే మన వైపు ఏ ఆఫీసూ కదలదు. సీటూ స్టైపెండూ వచ్చాక వెంటనే జవాబు చెప్పమని ఎవరైనా తొందరపెడితే కంగారుపడొద్దు. స్టైపెండ్‌తో ఇచ్చే ఆఫర్లకి ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే గడువు ఇవ్వాలని ఇక్కడి చాలా యూనివర్సిటీలు ఒక ఒప్పందం మీద సంతకం చేశాయి. ఆ యూనివర్సిటీ అందులో ఉందో లేదో కోఆర్డినేటర్‌కి రాసి కనుక్కోండి, ఆ లోపు పైన చెప్పిన ప్రశ్నలన్నీ అడిగేయండి.