బుజ్జీ, ఆ పెట్టెను "హలో హలో" అని పరీక్షించకు

విజయవాడ

చి. బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, "మీటలు లేవు, తీగలు లేవు, ఎవరో వాడి అమ్మేస్తున్న పెట్టెట, నలభై వేలట, నువ్వైనా చెప్పు అన్నయ్యా" అని మొత్తుకుంది. దాని పేరేమిటో కనుక్కోమన్నాను. వెనకనుంచి నువ్వు అరిచిన "ఫ్రీక్వెన్సీ షిఫ్టర్" అన్న మాట చెవిన పడగానే, కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. వీణ నేర్చుకునే పిల్ల గుంటూరు బ్రాడీపేటలో ఒక గదిలో విడివిడి పెట్టెలను తీగలతో కలిపి ధ్వని పుట్టించే మాడ్యులర్ సింథసైజర్ కూర్చుకుంటోందంటేనే నేను ఊరంతా చెప్పుకుంటున్నాను. ఇప్పుడు ఈ పెట్టె! ఒకప్పుడు ఇలాంటిదే నా పరువు తీయాల్సింది. పాపం, ఇంకొకరి పరువు తీసింది. ఆ సంగతికి వస్తాను.

ముందు మామూలువి. వెడల్పు ఎన్ని హెచ్‌పీ (ఈ పెట్టెల వెడల్పు కొలత అదే కదా), లోతు నీ కేసులో పడుతుందా, ప్లస్ 12 వోల్టుల మీదా మైనస్ 12 వోల్టుల మీదా ఎన్ని మిల్లీఆంపులు లాగుతుంది, అడిగి రాసుకో. రిబ్బన్ కేబుల్ ఎర్ర అంచు మైనస్ 12 వైపు రావాలి. బోర్డు మీద గుర్తు చూడకుండా తగిలించి స్విచ్చి వేశావని తెలిస్తే నీతో మాట్లాడను. పొగ వచ్చాక చూసుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక యంత్రం సంగతి. ఇది శ్రుతి పెంచేది కాదు, ఆ పొరపాటు పడకు. ఒక నాదంలో చాలా కంపనాలు కలిసి ఉంటాయి, సెకనుకు ఎన్ని అన్నది హెర్ట్జ్‌లలో చెబుతారు. శ్రుతి పెంచే యంత్రం అన్నిటినీ ఒకే నిష్పత్తిలో పెంచుతుంది. ఇది అన్నిటికీ ఒకే అంకె కలుపుతుంది. 200, 400, 600 హెర్ట్జ్‌లు కలిసిన నాదానికి 30 కలిపితే 230, 430, 630 అవుతాయి. ఒకటికి రెండింతలు, మూడింతలు అనే బంధుత్వం తెగిపోతుంది. అందుకే వీణ తీగ కాస్తా కంచు గంటలా మోగుతుంది.

రెండు ధ్వనులను గుణించే రింగ్ మాడ్యులేటర్ ఒక్కటే అయితే కూడికనూ తీసివేతనూ రెండింటినీ కలిపి ఇచ్చేస్తుంది. ఈ పెట్టెలో, లోపలికి వచ్చిన ధ్వనిని 90 డిగ్రీల తేడాతో, అంటే ఒకటి పావు అల వెనకబడేలా, రెండు పాయలు చేస్తారు, లోపల తనంతట తాను స్వరం పుట్టించే ఆసిలేటర్‌నూ అలాగే రెండు చేస్తారు. రెండు జతలనూ గుణించి కలిపితే ఒక పక్క రద్దయి, రెండో పక్క మిగులుతుంది. సరదాకి సొంత రేడియో నడిపే హామ్ రేడియోవాళ్లు సింగిల్ సైడ్‌బ్యాండ్ అనేది ఇదే. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ హెరాల్డ్ బోడె దీన్ని సంగీతానికి పనికొచ్చేలా తయారుచేస్తే, సింథసైజర్లు చేసే మూగ్ కంపెనీ అమ్మింది. పెట్టె మంచిచెడ్డలు చాలావరకు ఆ 90 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. అవి ఎంత కచ్చితంగా నిలిస్తే అంత శుభ్రంగా రద్దవుతుంది.

నాకు ఇదంతా ఎలా తెలుసంటావా? మీ అమ్మకు పెళ్లి కాకముందు ఏలూరు రోడ్డులో మైకు సెట్లు అద్దెకిచ్చేవాణ్ణి కదా. మైకు కూత పెట్టడమంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో ష్రోడర్ అనే ఆయన 1960లలోనే దీనికి మందు చెప్పాడని ఒక హామ్ స్నేహితుడు అన్నాడు. హారన్ స్పీకర్‌కు వెళ్లే ధ్వనిని 5 హెర్ట్జ్ జరపాలి. కొన్ని స్వరాలను హాలు ఎత్తిపడుతుంది, కొన్నిటిని మింగేస్తుంది. ఎత్తిపట్టిన స్వరం మైకులోకి తిరిగొచ్చిన ప్రతిసారీ 5 జరిగిపోతే, ఒకేచోట పేరుకుని కూతగా మారలేదు. నెల రోజులు సోల్డరింగ్ చేసి అలాంటి పెట్టె ఒకటి తయారుచేశాను. దుకాణంలో "హలో హలో, ఒకటి రెండు మూడు" అన్నాను. మాట మాటలాగే ఉంది. వాల్యూము ఇంకాస్త పెంచినా మైకు కూయలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

ఆ వారమే గుంటూరులో శ్రీరామనవమి పందిరి, హరికథ. దాసుగారు గజ్జె కట్టి, చిడతలు పట్టి ప్రార్థన ఎత్తుకున్నారు. హార్మోనియం షడ్జం పట్టింది. మాటలో దాక్కున్నది అక్కడ బయటపడింది. వేదిక మీద షడ్జం 140 అనుకో, హారన్లో 145. రెండూ కలిసి సెకనుకు అయిదుసార్లు వణికాయి. ఆ కింది స్థాయిలో 5 అంటే పక్క స్వరస్థానానికి సగం దూరం దాటినట్టే. పై షడ్జం 280 కాస్తా 285 అయింది, 145కు రెట్టింపేమో 290. హారన్లో కింది సకూ పై సకూ పొసగలేదు.

దాసుగారు రెండుసార్లు ఎత్తుకుని ఆపేశారు. హార్మోనియం పెద్దాయన వైపు తిరిగి, "శ్రుతి చూసుకుని రావద్దా?" అన్నారు. ఆ మాట పందిరంతా వినబడింది. నా పెట్టె గుండానే, కూత లేకుండా, స్పష్టంగా.

పెద్దాయన మెట్ల మీద వేళ్లు ఆడించి చూశాడు, తిత్తి చూశాడు, తల వంచుకున్నాడు. నాకు అప్పటికే అర్థమైపోయింది. చెయ్యి వెనక్కి పోనిచ్చి, పెట్టె తీగ లాగేసి, మైకును నేరుగా యాంప్లిఫయర్‌కు కలిపాను. శ్రుతి కుదిరింది. ఆయనే సరిచేసుకున్నాడని అందరూ అనుకున్నారు. బహుశా ఆయన కూడా అలాగే అనుకున్నాడేమో. తప్పు నాదని నేను అనలేదు. కథ అయ్యాక ఆయనే పానకం గ్లాసు తెచ్చి, "మైకు బాగా పలికింది బాబూ" అన్నాడు. తీసుకుని తాగాను. ఈ సంగతి మీ అత్తయ్యకు కూడా తెలియదు.

అందుకని, అమ్మేవాడు డ్రమ్ములు వాయించి, రివర్బు, అంటే హాలు ప్రతిధ్వని లాంటిది, కలిపి వినిపిస్తే మురిసిపోకు. ఆ హోరులో ఏ దోషమైనా కలిసిపోతుంది. ఒక్క సైన్ తరంగం, అంటే ఒకే ఒక్క కంపనం ఉన్న ధ్వని, పెట్టమను. లోపలికి 440, జరుపు 100. పైకి జరిపే అవుట్‌పుట్‌లో 540 రావాలి. దాని అడుగున 340 గట్టిగా వినిపిస్తే రద్దు సరిగా జరగడం లేదు. 440 అలాగే కారుతున్నా అంతే. లోపలికి ఏమీ ఇవ్వకుండా వాల్యూము పెంచి విను. లోపలి ఆసిలేటర్ 100 దగ్గర గుయ్యిమంటుంటే అది క్యారియర్ లీకు. అనలాగ్ పెట్టెలో కొంచెం ఉంటుంది, లోపల ట్రిమ్మరు అనే సరిచేసే చిన్న మర ఉంటే తగ్గించవచ్చు. కొంచెమంటే ఎంత అన్నది నీ చెవే చెప్పాలి.

తర్వాత నాబ్‌ను మెల్లగా సున్నా దాటించు. మూల ధ్వనిని పక్కన కలిపి వింటే వణుకు నెమ్మదించి, ఆగి, మళ్లీ మొదలవ్వాలి. సున్నా దగ్గర తడబడితే అది పనికిరాదు. ఒక హెర్ట్జ్ కన్నా తక్కువ జరిపి అలాగే కలిపి విను. ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కుతున్నా గుడి రానట్టు, ధ్వని పైకి పోతూనే ఉంటుంది. దీనికోసమే కొనేవాళ్లున్నారు. నాకూ ఇష్టమే. బాగా కింది స్వరాలు కూడా ఇచ్చి చూడు, 90 డిగ్రీలు ముందు జారిపోయేది సాధారణంగా అక్కడే. ఇదంతా పెట్టె చల్లగా ఉన్నప్పుడొకసారి, గంటసేపు వేడెక్కాక ఒకసారి. మన రోహిణీకార్తెకు రోళ్లే పగులుతాయి, ట్రిమ్మర్లు ఒక లెక్కా?

చివరగా తంబురా పెట్టి, నీ వీణ మీద షడ్జం మీటి విను. అప్పుడు వచ్చే వణుకు పెట్టె దోషం కాదు, దాని స్వభావం. నేను భయపడి తీగ లాగేసిన దానికే నువ్వు డబ్బిచ్చి కొంటున్నావు. నవ్వొస్తోంది, కాస్త అసూయగా కూడా ఉంది. కానీ పక్కన ఇంకొకరు వాయిస్తుంటే మాత్రం ఆ పెట్టె పెడుతున్నట్టు ముందే వాళ్లకు చెప్పు.

ఆదివారం వస్తే అమ్మేవాడి దగ్గరికి ఇద్దరం కలిసి వెళదాం. తరంగాన్ని తెర మీద చూపే నా ఆసిలోస్కోపు ఇంకా పనిచేస్తోంది, ఎడమ నాబ్‌ను మాత్రం కాస్త నొక్కి తిప్పాలి. బస్సు ఎక్కగానే ఫోను చెయ్యి, బస్‌స్టేషన్‌కు వస్తాను. డబ్బు సంగతి మీ అమ్మతో నేను మాట్లాడతాను. పెట్టెకు మీటలెందుకు లేవని మళ్లీ అడుగుతుంది, దానికి జవాబు నువ్వే చెప్పుకో.

మీ మామయ్య